మా రోజుల్ల డిటెక్టివ్‌కు ఊరు లేకుండె

ఈ మధ్య హత్యల కథలు రాసేటోళ్లకు, తీసేటోళ్లకు తెలంగాణ మీద ఎక్కడలేని పావురం పుట్టుకచ్చింది. మొదట్ల ఒక కల్లు మండువ, నడుమ ఒక బతుకమ్మ ఆట, ఆఖరుకు ఇప్పచెట్టు కింద ఒక శవం. మనుషులు నోరు తెరిస్తె ‘గిట్ల’, ‘గట్ల’, ‘ఏందిర బై’. ఇగ అయిపాయె, ఉత్తర తెలంగాణ మిస్టరీ తయారు. అండ్ల నుంచి కల్లు మండువ తీసేసి కాఫీ హోటలు పెట్టుండ్రి, ‘గట్ల’ కొట్టేసి ‘అలా’ రాయుండ్రి, ఆ కథ పొద్దుగూకెవరకు తెనాలికి పోయి నిమ్మలంగ కాపురం పెడ్తది. హంతకునికి ఏం ఇబ్బంది ఉండది. పోలీసాయినకు అంతకన్న ఉండది. శ్రీరాంపూర్‌ల జరిగిన హత్య తెనాలిల సుత అచ్చం అట్లనే జరుగుతదంటె, అది శ్రీరాంపూర్‌ల జరిగినట్టా, జరగనట్టా?

ముసలోడు మళ్ల మొదలువెట్టిండు అంటరు మా ఇంట్ల. అననియ్యుండ్రి.

మా రోజుల్ల డిటెక్టివ్ పుస్తకం అంటె ఒక జరూరు ఉండె. నేను శ్రీరాంపూర్ బొగ్గుబాయిల ల్యాంప్ రూం కొలువు చేసినోన్ని. షిఫ్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఊపిరి సలపది. నడుమ గంటలల్ల చేతికి పనుండది. గప్పుడు ఈ పుస్తకాలే దోస్తులు. మంచిర్యాల టేషన్ల కొన్నయి కొన్ని, బజార్ల అద్దెకు తెచ్చినయి శాన. అద్దె పుస్తకానికి అట్ట ఉండది, ఆఖరు పేజీలు ఉంటయో లేవో దేవునికెరుక. ఎవడు చంపిండో తెల్వక ఫస్ట్ షిఫ్టోళ్లు, సెకండ్ షిఫ్టోళ్లు కొట్లాడుకున్న పుస్తకాలున్నయి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ మాకు ఇంటి మనిషే. అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, ఆ క్రైస్లర్ కారు. టెంపోరావును చదివినం, విశ్వప్రసాద్‌ను చదివినం. ఆరుద్ర అంతటి కవి సుత ‘పలకల వెండి గ్లాసు’ అని అపరాధ పరిశోధన నవల రాసిండంటె ఆ సరుకుకు అప్పట్ల ఎంత గిరాకో తెలుస్తది. తర్వాత మధుబాబు షాడో వచ్చిండు. వానితోని పాసుపోర్టు లేకుంట దేశదేశాలు తిరిగినం.

అయితె యుగంధర్ ఉండేది మద్రాసుల. రాసేటాయిన అక్కడ, అచ్చేసేటోళ్లు అక్కడ, ఇగ డిటెక్టివ్ మాత్రం ఎక్కడుంటడు? ఆ నవలల్ల నుంచి వీధి పేర్లు తీసేస్తె ఏ పట్నమైనా ఒక్కటే. అందరు ఒక్కతీరు పుస్తకాల తెలుగే మాట్లాడేటోళ్లు, లక్షాధికారి, వాని డ్రైవరు, వాని హంతకుడు. మన తెలుగు డిటెక్టివ్ నవల పుట్టుకే ఇంగ్లీషు, బెంగాలీ పుస్తకాల నీడల కాబట్టి దానికి సొంతూరు లేకుండె. అది లోటే, కాదన. కానీ అండ్ల ఒక మర్యాద ఉండె. తెల్వని ఊరిని తెలిసినట్టు రాయకపోదురు. యుగంధర్ గోదావరి దాటి మా దిక్కు రాలే, రాలేదని మేము అలగలే. ఇప్పటోళ్లు వస్తున్నరు, ఏమీ చూడకుంట పోతున్నరు, పోయి రాస్తున్నరు. గది నా లొల్లి.

ప్రేమకథల ఊరు గోడకు పటం అయితె అయింది, నష్టం లేదు. నేరం కథల ఊరే సాక్ష్యం. ఎవడు ఏ తొవ్వల వచ్చిండు, ఎంతసేపట్ల వచ్చిండు, నడుమ ఎవరికి కనపడాలె, అడిగేదంతా ఇదే గదా. శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖనికి పోవాలంటె రాజీవ్ రహదారి మీద ఇందారం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కాలె. బ్రిడ్జి మీద పోతె పదిమంది చూస్తరు. మరి చూడకుంట పోవుడెట్ల? ఒకప్పుడు ఎండకాలంల ఇసుకల నడిచి నదిని దాటేటోళ్లు. 2019ల కాళేశ్వరం మొదలై సుందిళ్ల బరాజ్‌ల నీళ్లు నిలిచినంక ఆ తొవ్వ బంద్. 2023 అక్టోబర్ల అదే కాళేశ్వరంల మేడిగడ్డ బరాజ్ కుంగింది, తర్వాత బరాజ్‌ల నీళ్లు వదిలేసిండ్రు, ఇసుక మళ్ల తేలింది. అంటె ముద్దాయి ‘నేను ఆ రాత్రి అవుతలి ఒడ్డున ఉన్న’ అన్న మాట నిజమా అబద్ధమా అన్నది, హత్య ఏ ఏడు జరిగింది అన్నదాన్ని బట్టి ఉంటది. ఇసొంటి ముడి యుగంధర్‌కు సుత దొరకలే. మా కండ్ల ముందట పారుతున్నది, ఒక్కడు ముట్టుకోడు. డ్రోన్ ఎగిరేసి గోదావరిని పైనుంచి చూపిస్తరు, అందంగ ఉన్నదంటరు, అయిపాయె.

ఇగ బాయి సంగతి. పత్రికలోళ్లు గని అంటరు, మేము బాయి అంటం. సిన్మాలల్ల బాయిని చూపిస్తె మనిషి మొఖానికి మసి పూసి, వెలుగుల నిలబెడ్తరు. లోపట వెలుగు ఎక్కడిది? టోపీ దీపం ఎదుటోని కండ్లల్ల కొడ్తది, మొఖం కనపడది. కనపడ్డా అన్ని మొఖాలు ఒక్క రంగే. గొంతే మనిషి. డిప్పులకెల్లి ఎవడన్న కేకేస్తె మాట తీరు పట్టి, ఇది చెన్నూరు దిక్కు, ఇది మంథని దిక్కు, ఇది లక్షెట్టిపేట అని చెప్పే సర్దార్లు ఉండిరి. ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చినోని తెలుగుల మరాఠీ వాసన, గోండి వాసన వేరే. కోస్త నుంచి వచ్చినోళ్లు, ఉత్తరాది నుంచి బతకవచ్చినోళ్లు, అందరు ఒక్క బాయిల. మూడు మాటలు మాట్లాడంగనే ఊరు, కులం, ఎన్నేండ్ల సంది బాయి దిగుతున్నడు అన్నది బయటపడేది. గసొంటి చీకట్ల హత్య జరిగితె సాక్షి ఏం చెప్తడు? ‘ఎవన్నీ చూడలే సార్, విన్న’ అంటడు. ఏ మాట విన్నడు, ఆ మాట ఎవని నోట్ల ఎట్ల పలుకుతది అన్నదే కేసు. యాస అంటె నవ్వించే సరుకని అనుకునేటోళ్లకు ఇది మతికి రాదు.

మా ల్యాంప్ రూం ముచ్చట చెప్త, ఎవనికన్న పనికొస్తె తీసుకోండ్రి, పైసలు వద్దు. దిగే ప్రతి మనిషికి ఒక దీపం, దీపానికి ఒక నంబరు. మస్టరు పడ్డంక దీపం తీసుకుంటడు, షిఫ్టు దిగినంక తెచ్చి ఇస్తడు. ఒక గూడు ఖాళీగ ఉన్నదంటె ఒక మనిషి ఇంకా లోపట్నే ఉన్నడు. దించే ముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నయా అని మనిషిని తడిమి చూస్తరు, లోపటి గ్యాసుకు నిప్పు తగలొద్దని. అంటె ఎవరు పోయిండ్రు, ఎప్పుడు పోయిండ్రు, కీసల ఏమేం లేకుండె అన్నది రాత మీద ఉంటది. ఇంగ్లీషోళ్లు తలుపులు మూసిన గదిల హత్య అని పెద్ద పెద్ద పుస్తకాలు రాసిండ్రు. మా బాయిని మించిన మూసిన గది ఉన్నదా? ఇప్పుడు చెప్పుండ్రి: షిఫ్టు దిగినప్పటి తోపులాటల దీపం వాపసు వచ్చింది, మనిషి రాలే. ఆ దీపం తెచ్చిచ్చిన చెయ్యి ఎవలది? నేను కొలువుల ఉన్నన్ని రోజులు నాకు అన్నిటికన్న ఎక్కువ భయం ఉన్నది గీ ప్రశ్నకే.

అక్కడితోని ఆగదు. బాయిల మనిషి చచ్చిపోతె మొదలు ఎవరు హత్య అనుకోరు, బండ పడ్డది అనుకుంటరు. పైబండను కర్రతోని కొట్టి సప్పుడు వింటరు. గట్టి సప్పుడైతె బతికినం, డొల్ల సప్పుడైతె పక్కకు జరగాలె. ఆ సప్పుడు తెలిసిన మనిషి డొల్లబండ కింద ఎందుకు నిలబడ్డడు అని అడిగేటోడు బాయి మనిషే కావాలె. పై నుంచి వచ్చిన ఎస్సైకి ఆ ప్రశ్న పుట్టది. 1952 గనుల చట్టంల ఒక మాట ఉండె: మనిషి చచ్చిన జాగను గనుల ఇన్‌స్పెక్టరు వచ్చేదాక, లేదంటె ఆయన సరే అనేదాక, ఎవరూ కదిలియ్యొద్దు. 72 గంటలల్ల రాకపోతె పని మొదలువెట్టుకోవచ్చు. మూడు రోజులు! దాని తర్వాత తట్టా చెమ్మసులు దిగుతయి, సాక్ష్యం టబ్బులకెక్కుతది. కథకు గడియారం ఎవడో కట్టాల్సిన పని లేదు, చట్టమే కట్టి పెట్టింది. మంచి రచయితకు ఇంతకన్న ఏం కావాలె?

భాష సంగతి సుత ఇక్కడ జోరుగ ఉంటది. ఠాణాల భాష నిజాం కాలంది: పంచనామా, ముద్దాయి, జమానతు. బాయి భాష ఇంగ్లీషు విరిగి తెలుగైంది: డిప్పు, రైజు, లెవలు, గోఫు, హాలరు, టింబర్‌మన్. చచ్చినోని ఇంటి భాష ఇంకొకటి. వాని ఇంటామె ఏడ్చుకుంట చెప్పేదాన్ల ఏది తిట్టు, ఏది ఆనవాలు అన్నది ఎస్సైకి ఒకడు పక్కన నిలబడి విప్పి చెప్పాలె. ముగ్గురు తెలుగోళ్లు ఒక శవం ముందట నిలబడి ఒకల మాట ఒకలకు తెల్వకుంట ఉంటరు. మా దిక్కు దీన్ని నిజంగ చూసినం. రామగుండం పోలీస్ కమిషనరేట్ అయినంక సుత కొత్తగ బదిలీ మీద వచ్చిన సారుకు మొదటి ఏడాది ఇదే తిప్పల.

ఊర్లల్ల అయితె డిటెక్టివ్‌ను బయటి నుంచి తెచ్చే పనే లేకుండె. పోలీసు పటేలు ఉండె. ఊర్ల కొత్త మనిషి రాత్రి ఉన్నా, దొంగసొత్తు దొరికినా, ఎవలన్న తెల్వకుంట చచ్చిపోయినా ఠాణాకు కబురు చేసుడు ఆయన పని. సుంకరి ఉండె, ఊరందరి తొవ్వలు వానికెరుక. పటేలు మంచోడా అంటె, అందరు గాదు. దొర గడి ముందట వంగి, పేదోని ముందట మీసం తిప్పినోళ్లే ఎక్కువ. నేరం ఎవలు చేసిండ్రో ముందే తెలిసి, ఎవలు చేసినట్టు రాయాల్నో ఆలోచన చేసే పరిశోధకుడు! ఇసొంటి డిటెక్టివ్ ఏ దేశం కథల్ల ఉన్నడు? 1984ల ఎన్టీ రామారావు సర్కారు పటేల్, పట్వారీ పద్ధతి తీసేసింది. మంచి పనే. కానీ ఆ పాత్ర మాత్రం మిస్టరీ కథల్లకు రాకుంటనే పోయింది. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ల, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ల ఆ ఊర్లు, ఆ దొరలు, ఆ పటేళ్లు ఉన్నరు. అయి వేరే దారి పుస్తకాలు, వాటి కోపం వేరు. ఊరిని ఎట్ల రాయాలెనో వాళ్లు చూపించిండ్రు. క్రైమ్ రాసేటోళ్లు ఆ పుస్తకాలు తెరువరు, కొరియా సీరీసులు చూస్తరు.

బయటి దేశపోళ్లు ఏం చేసిండ్రో చూడుండ్రి. ఇటలీల ఆండ్రియా కమిల్లేరి అనే ఆయిన డెబ్బై ఏండ్లు దగ్గరపడ్డంక, 1994ల మొంతాల్బానో అనే పోలీసాయిన కథలు మొదలువెట్టిండు. ఊరి పేరు విగాటా, ఉత్తదే, ఆయిన పుట్టించిందే. భాష మాత్రం సిసిలీ యాస కలిపిన ఇటాలియన్. ఉత్తరం దిక్కోళ్లకు మొదట్ల అర్థంకాలే. అర్థంకాకున్నా లక్షలకు లక్షలు కొన్నరు. ఆయిన సొంతూరు పోర్తో ఎంపెదోక్లే కొన్నేండ్లు తన పేరు పక్కన విగాటా అని తగిలించుకున్నది. మన దగ్గర పబ్లిషర్లు ఏమంటరు? ‘యాస తగ్గించండి, అన్ని జిల్లాల వాళ్లూ చదవాలి గదా’ అంటరు. తగ్గించినంక మిగిలేది ఏ జిల్లాదీ కాదు.

అమెరికాల అయితె యాస నిజం కేసునే పట్టిచ్చింది. పిల్లను ఎత్తుకపోయినోడు పైసలు అడుగుకుంట చిట్టీ రాసిండు, చదువురానట్టు తప్పులు పెట్టిండు. పైసలు ఎక్కడ పెట్టాల్నో చెప్పుకుంట, నడకదారికి సడకుకు నడుమ గడ్డి జాగను ‘డెవిల్ స్ట్రిప్’ అన్నడు. రోజర్ షూయ్ అనే భాషాశాస్త్రవేత్త చదివి, మీ అనుమానితులల్ల ఆక్రన్ పట్నంపోడు, చదువుకున్నోడు ఎవడన్న ఉన్నడా అని అడిగిండు. ఆ జాగను అట్ల పిలిచేది ఓహాయో రాష్ట్రంల ఆ ఆక్రన్ దిక్కే. ఉన్నడు, దొరికిండు. తప్పులు కావాలని రాయగలిగిండు కానీ ఇంటి మాటను దాచిపెట్టలేకపోయిండు.

గీ పని మన కథల్ల ఎందుకు జరగది? కరీంనగర్ దిక్కు మేము కన్నతల్లిని అవ్వ అంటం. కోస్తల, సీమల అవ్వ అంటె తల్లి తల్లి, ముసలామె. పిలగాడు భయపడుకుంట ‘అవ్వ గొళ్లెం పెట్టింది’ అన్నడనుకోండ్రి. కోస్త నుంచి వచ్చిన సీఐ పోయి ముసలామెను కైదు చేస్తడు. ఆ ఇంట్ల ఎవరూ నోరు మెదపరు, ఎందుకంటె ఆ తప్పు వాళ్లకు లాభం. సగం నవల అక్కడనే ఉన్నది. కానీ ఇప్పటి సీరీసులల్ల ఇదే కరీంనగర్ పిలగాడు ఇంట్ల ‘అమ్మా’ అంటడు, బయట ‘గిట్లెందుకు’ అంటడు. యాసను కూరల కొత్తిమీర చల్లినట్టు చల్లుతరు. వాడు నిజంగ ఏ ఊరోడో రాసినాయినకే తెల్వది, ఇగ డిటెక్టివ్‌కు ఏం తెలుస్తది?

బాణామతి మీద పడ్డరు ఇంకొందరు. నిమ్మకాయ, పసుపు, బొమ్మ, అర్ధరాత్రి, నల్లకోడి. మంత్రాల నెపం మీద మా దిక్కు నిజంగ మనుషులను చంపిండ్రు, అది తమాషా కాదు. అసొంటి చావుల వెనుక తవ్వితె భూమి పంచాది ఉంటది, ఒంటరి ఆడిది ఉంటది, ఇంట్ల తగ్గని రోగం ఉంటది. ఆ ముడి విప్పితె అది మిస్టరీ. పొగ పెట్టి, డప్పు కొట్టి భయపెడ్తె అది జాతర.

మంచిగ చేసినోళ్లు లేరని అన. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ 2019ల వచ్చింది. నెల్లూరుల ఒక బక్క డిటెక్టివ్, రైలు పట్టాల పక్కన దిక్కులేని శవాలు. ఆ డిటెక్టివ్ ఆఫీసు చూస్తె, ఎవడో మన పక్క సందుల బోర్డు పెట్టుకున్నడు అనిపిస్తది. 2024ల ‘వికటకవి’ సీరీసు అమరగిరి దిక్కు, నల్లమల దిక్కు, వెనుకటి కాలానికి పోయింది. ఉస్మానియా పిలగాన్ని డిటెక్టివ్ చేసింది. మెచ్చుకున్న.

అయితె నా లెక్కల ఈ మధ్య వచ్చిన అసలు ఉత్తర తెలంగాణ మిస్టరీ ‘బలగం’. నవ్వకుండ్రి. ముసలాయిన చచ్చిపోయిండు. మూడొద్దులకు పెట్టిన ముద్ద కాకి ముట్టలే. ఎందుకు ముట్టలే? అందరు ఒక్క ఇంట్ల ఉన్నరు, అందరి మీద అనుమానం, అందరికి ఏదో ఒక పాత కోపం. ప్రశ్న ఒక్కటే, జవాబు ఆఖర్ల. సిరిసిల్ల దిక్కు నుంచి ఆ కథను లేపి ఇంకోదిక్కు పెట్టి చూడుండ్రి, నిలబడదు. ఆ ఇల్లు, ఆ బావ బామ్మర్ది పంచాది, ఆ మాటలు అన్ని కలిస్తెనే ముడి పడ్డది, కలిస్తెనే విప్పింది. హత్య లేదు, డిటెక్టివ్ లేడు. 2023ల తీసిన వేణు ఎల్దండి అది మిస్టరీ అని తీయలేదనుకుంట. తీసింది మాత్రం అదే.

నా తొందరకు ఒక కారణం ఉన్నది. మా బొగ్గుబాయిల కంపెనీ సింగరేణిల 1990ల మొదట్ల లక్ష మందికి పైన ఉండిరి, ఇప్పుడు నలభై వేలకు అటుఇటు. బాయిలు తగ్గుతున్నయి, ఓపెన్ కాస్టులు పెరుగుతున్నయి. ఎండల, డంపరు మీద కూసున్నోనికి గొంతు పట్టి మనిషిని గుర్తువట్టే అవసరం ఏమున్నది? మా కాలనీ పోరగాళ్ల మాట విని ఏ ఊరోడో నేను సుత చెప్పలేకపోతున్న. టీవీ మాట, ఫోన్ మాట, ఇన్‌స్టా మాట. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పూనికతోని 1962ల వ్యవసాయం మాటల మాండలిక పదకోశం వచ్చింది, నాగలికి ఏ జిల్లాల ఏం పేరో పుస్తకంల భద్రంగ ఉన్నది. బొగ్గుబాయి మాటలు కావాలంటె ఇప్పటికీ అల్లం రాజయ్య, పి. చంద్, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలల్ల వెతుక్కునుడే. మా రోజుల్ల సరుకు ఉండె, రాసేటోడు మద్రాసుల ఉండె. ఇప్పుడు రాసేటోడు మంచిర్యాల బస్సు దిగుతున్నడు, సరుకు అయిపోవడ్తున్నది.

కాబట్టి హత్యల కథలు రాసే పిలగాండ్లారా, పిల్లలారా, ఒక మాట. మా దిక్కు శవాన్ని వేసే ముందు ఒక వారం రోజులు ఇక్కడ ఉండుండ్రి. సర్వపిండి ఫోటోలు తీసుకోండ్రి, వద్దన, కానీ రిటైరైన సర్దార్లను, టింబర్‌మన్లను కూసుండబెట్టి మాట్లాడిపియ్యుండ్రి, వాళ్లు ఇంకా ఉన్నరు. రాసినంక అచ్చుకు ఇచ్చే ముందు నాకు చదువనియ్యుండ్రి. హంతకుడు ఎవడో చెప్పకుండ్రి. వాడు ఏ ఊరోడో వాని మాటలల్ల నాకు తెలవకపోతె, కథ వాపసు ఇస్త.